ఫైలు కదిలిన దారి: నాజీ జర్మనీలో వివక్ష మారణహోమం దాకా ఎలా వెళ్లింది

అందరికీ నమస్కారం. మైకు కొంచెం గరగరలాడుతోంది, వెనక కూర్చున్నవాళ్లకి మాట తెలియకపోతే చెయ్యెత్తండి, గొంతు పెంచుతాను.

ఈ విషయం మీద మాట్లాడేవాళ్లు మామూలుగా ఆష్విట్జ్ దగ్గర మొదలుపెడతారు. గ్యాస్ గదులు, జుట్టు గుట్టలు, చెప్పుల గుట్టలు. అవన్నీ నిజమే, నేనేమీ కాదనను. కానీ అక్కడ మొదలుపెడితే కథ మూడు ముక్కల్లో తేలిపోతుంది. హిట్లర్ అని ఒక ఉన్మాది ఉండేవాడు, వాడికి యూదులంటే గిట్టదు, 60 లక్షల మందిని చంపించాడు. అయిపోయింది, ఇంటికెళ్లి పడుకోవచ్చు. మన రైల్వేస్టేషన్ల పుస్తకాల బడ్డీల్లో ఆయన ఆత్మకథని ఇప్పటికీ వ్యక్తిత్వ వికాసం పుస్తకాల పక్కన పెట్టి అమ్ముతారు, "ఏదేమైనా ఆయనకి డిసిప్లిన్ ఉంది కదా మాస్టారూ" అనే పిల్లలు నాకు ప్రతి ఏడూ తగులుతూనే ఉంటారు. ఆ డిసిప్లిన్ ఏం పనులు చేసిందో కొంచెం వివరంగా చెబుదామనే వచ్చాను.

నేను చెప్పేది ఒక్కటే. ఇందులో చాలా భాగం ఆఫీసుల్లో జరిగింది. ఫారాలు, స్టాంపులు, సర్క్యులర్లు, జీవోల మీద జీవోలు. ప్రభుత్వం ఒక అడుగు వేసేది, ఎవరైనా అడ్డం పడతారా అని చూసేది, ఎవరూ పడకపోతే ఇంకో అడుగు. 1933లో హిట్లర్ టేబుల్ సొరుగులో గ్యాస్ గదుల ప్లాను ఏమీ లేదు. ద్వేషం ఉంది, ఆ ద్వేషం ఎక్కడిదాకా వెళ్తుందో వాళ్లకే పూర్తిగా తెలియదు. నాకైతే భయం వేసేది అక్కడే.

సరే, 1933 జనవరి 30. హిట్లర్ ఛాన్సలర్ అయ్యాడు. తుపాకీ పట్టుకుని రాలేదు, ప్రెసిడెంటు హిండెన్‌బర్గ్ పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. అప్పటికి జర్మనీ జనాభా ఆరున్నర కోట్లు, అందులో యూదులు సుమారు 5 లక్షలు. అంటే నూటికి ఒక్కరు కూడా లేరు. మొదటి ప్రపంచ యుద్ధంలో లక్ష మంది దాకా యూదులు జర్మన్ సైన్యంలో పనిచేశారు, 12 వేల మంది ఆ జెండా కోసమే చచ్చిపోయారు. డాక్టర్లు, లాయర్లు, పశువుల వ్యాపారులు, బట్టల కొట్ల వాళ్లు, చాలామంది తాము ముందు జర్మన్లమనీ ఆ తర్వాతే యూదులమనీ అనుకునేవాళ్లు.

ఏప్రిల్ 1న మొదటి దెబ్బ. యూదుల కొట్లలో ఏమీ కొనొద్దని దేశమంతా బహిష్కరణ. ఖాకీ చొక్కాల వాళ్లు కొట్ల ముందు బోర్డులు పట్టుకుని నిలబడ్డారు. అయితే అది అనుకున్నట్టు సాగలేదు. శనివారం కాబట్టి చాలా కొట్లు మూసే ఉన్నాయి, తెరిచిన కొట్లలోకి కొంతమంది జర్మన్లు ఈ బోర్డువాళ్లని పక్కకి తోసి మరీ వెళ్లారు. ఒక్క రోజుతో ఆపేశారు. వీధిలో చేసిన పనికి జనం మొహం చిట్లించారు, అందుకని వారం తిరక్కుండానే పని ఆఫీసుకి మారింది. ఏప్రిల్ 7న చట్టం వచ్చింది, దాని పేరు చూడండి, "ఉద్యోగ వ్యవస్థ పునరుద్ధరణ చట్టం". ఆర్యులు కానివాళ్లు, అంటే ముఖ్యంగా యూదులు, ప్రభుత్వ ఉద్యోగాల్లోంచి దిగిపోవాలి. దీనికి ఎవరూ మొహం చిట్లించలేదు. ఖాళీ అయిన పోస్టులకి అప్లికేషన్లు మాత్రం వచ్చాయి.

ఇక్కడ ఒక ముచ్చట ఉంది. ముసలి హిండెన్‌బర్గ్ స్వయంగా సైన్యాధిపతిగా చేసినవాడు, యుద్ధంలో పోరాడిన యూదులని తీసెయ్యొద్దని ఉత్తరం రాశాడు. సరేనని మినహాయింపు ఇచ్చారు. తీరా చూస్తే యూదు లాయర్లలో సగానికి పైగా ఇలాంటి మినహాయింపుల కిందికి వచ్చి కోర్టుల్లోనే ఉండిపోయారు. యూదులు యుద్ధం ఎగ్గొట్టి ఇంట్లో కూర్చున్నారని పదిహేనేళ్లు ప్రచారం చేసిన నాజీలకి వాళ్ల సొంత లెక్కలే చెంపదెబ్బ కొట్టాయి. ఏం లాభం, 1934 ఆగస్టులో హిండెన్‌బర్గ్ పోయాడు, మరుసటేడు ప్రభుత్వోద్యోగుల మినహాయింపూ పోయింది.

ఆ మధ్యలో చిన్న చిన్నవి కుప్పలుగా వచ్చాయి, అన్నీ చెప్పను. బడుల్లో యూదు పిల్లలకి కోటా, ఈతకొలనుల్లోకి రాకూడదు, ఫలానా ఊరి పొలిమేరలో "యూదులకు ఇక్కడ స్వాగతం లేదు" అని బోర్డు. వీటిలో సగం బెర్లిన్ నుంచి ఆర్డరు వచ్చినవి కావు. ఊళ్లో మేయర్లు, క్లబ్బుల సెక్రెటరీలు పైవాళ్ల మెప్పు కోసం వాళ్లంతట వాళ్లే చేసినవి. పక్క ఊరు చేసింది, మనం వెనకబడితే ఎలా అన్న పోటీ.

ఇప్పుడు 1935 సెప్టెంబరు, న్యూరెంబర్గ్. దీని దగ్గర కాస్త ఆగుతాను. పార్టీ మహాసభ జరుగుతోంది, హిట్లర్‌కి ఉన్నట్టుండి యూదుల మీద ఒక చట్టం ప్రకటించాలనిపించింది. హోంశాఖలో ఆ వ్యవహారాలు చూసే బెర్న్‌హార్డ్ లోజెనర్ అనే అధికారిని హడావుడిగా పిలిపించారు. రెండు రోజుల్లో, రాత్రుళ్లు కూడా కూర్చుని, ముసాయిదా మీద ముసాయిదా రాశారు. సెప్టెంబరు 15న రెండు చట్టాలు వచ్చాయి. ఒకటి, యూదులు ఇక పౌరులు కారు, కేవలం ప్రజలు, హక్కులు లేనివాళ్లు. రెండోది, యూదులకీ జర్మన్లకీ మధ్య పెళ్లిళ్లు, సంబంధాలు నిషేధం, 45 ఏళ్లలోపు జర్మన్ ఆడవాళ్లు యూదుల ఇళ్లలో పని చెయ్యకూడదు. ముసాయిదాలో "ఇది పూర్తి యూదులకు మాత్రమే వర్తిస్తుంది" అని ఒక వాక్యం ఉండేదట, హిట్లర్ ఆ ఒక్క వాక్యాన్నీ పెన్నుతో కొట్టేశాడని లోజెనర్ తర్వాత రాశాడు.

మరి యూదుడంటే ఎవరు? చట్టం పాసయ్యాక రెండు నెలలకి గానీ ఆ ప్రశ్నకి జవాబు రాలేదు. నవంబరు 14న నిబంధన వచ్చింది. తాతయ్యలు ఇద్దరు, నాయనమ్మ, అమ్మమ్మ, ఈ నలుగురిలో ముగ్గురు యూదులైతే నువ్వు యూదుడివి. బాగుంది, ఆ తాతయ్య యూదుడని ఎలా తెలుస్తుంది? ఆయన యూదు మత సంఘంలో సభ్యుడైతే యూదుడు. అర్థమైందా? రక్తం, జాతి, సైన్సు అని గొంతు చించుకున్నారు, రక్తంలో ఏమీ కనబడలేదు, ఆఖరికి మతం రిజిస్టర్లు తిరగేశారు. జర్మనీలో ప్రతి ఉద్యోగికీ తను ఆర్యుడినని నిరూపించుకోవలసిన పని పడింది. తనది, అమ్మానాన్నలది, నలుగురు అవ్వాతాతలది, మొత్తం ఏడు పుట్టుక పత్రాలో బాప్తిస్మ పత్రాలో తేవాలి. పల్లెటూరి పాస్టర్లు పాత రిజిస్టర్లు దులిపి నకళ్లు రాసిచ్చారు. వాళ్లలో చాలామందికి యూదుల మీద ద్వేషం లేకపోవచ్చు. అడిగితే సర్టిఫికెట్ ఇవ్వడం వాళ్ల డ్యూటీ, అంతే. కానీ ఒకసారి మనిషి కార్డు మీదికి ఎక్కాడంటే ఆ తర్వాత వచ్చేవాళ్లకి పని తేలికైపోయింది. 1939 జనాభా లెక్కల్లో ప్రతి ఇంటికీ నలుగురు అవ్వాతాతల వివరాలు అడిగే ప్రత్యేక కార్డు ఇచ్చారు, దాన్ని కవర్లో పెట్టి అంటించి ఇవ్వాలి.

ఆ చట్టాలకి వివరణ గ్రంథం రాసినవాళ్లు ఇద్దరున్నారు, విల్హెల్మ్ స్టుకార్ట్, హన్స్ గ్లోబ్కే. ఈ రెండు పేర్లూ గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాయి.

1936లో బెర్లిన్ ఒలింపిక్స్. విదేశీయులు వస్తారు కాబట్టి బోర్డులు తీసి లోపల పెట్టారు. ప్రపంచం చూసి భలే శుభ్రంగా ఉందనుకుని వెళ్లిపోయింది. బోర్డులు మళ్లీ బయటికొచ్చాయి.

1938 నుంచి వేగం మారింది. మార్చిలో ఆస్ట్రియాని కలిపేసుకున్నారు. వియన్నాలో డాక్టర్లనీ ముసలమ్మలనీ మోకాళ్ల మీద కూర్చోబెట్టి రోడ్లు తోమించారు, చుట్టూ జనం మూగి నవ్వుతున్న ఫొటోలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ నెలల్లోనే అడాల్ఫ్ ఐక్‌మన్ అనే కుర్ర ఆఫీసరు అక్కడ ఒక ఆఫీసు తెరిచాడు. ఒక చివర ఆస్తిపాస్తులున్న యూదుడు లోపలికెళ్తే, కౌంటర్ తర్వాత కౌంటర్ తిరిగి, రెండో చివర్లోంచి పాస్‌పోర్టు తప్ప చేతిలో ఏమీ లేకుండా బయటికొస్తాడు. సింగిల్ విండో అన్నమాట. ఏప్రిల్లో 5 వేల మార్కులకి (జర్మనీ డబ్బు) మించిన ఆస్తి ఉన్న యూదులంతా ఆ వివరాలు రాసివ్వాలన్నారు. ఆగస్టులో ఇంకో ఆర్డరు, యూదులని పేరు చూడగానే గుర్తుపట్టేలా లేకపోతే మగవాళ్లు ఇజ్రాయెల్ అని, ఆడవాళ్లు సారా అని పేరుకి తగిలించుకోవాలి. అక్టోబరులో పాస్‌పోర్టు మీద ఎర్రగా "జె" అక్షరం. ఇందులో స్విట్జర్లండ్ వాళ్ల ఒత్తిడి కూడా ఉంది, సరిహద్దు దగ్గరే గుర్తుపట్టి వెనక్కి పంపడానికి వీలుగా ఉంటుందని.

"మరి ముందే వెళ్లిపోవచ్చు కదండీ" అని ముందు వరసలో అమ్మాయి అడుగుతోంది. మంచి ప్రశ్నమ్మా, అందరూ అడిగేదే. వెళ్లారు. 1941లో దారి మూసేలోపు జర్మనీ యూదుల్లో సగానికి పైగా వెళ్లిపోయారు. కానీ ఎలా? పన్నులు కట్టి, ఉన్నది అమ్ముకుని, పోగా మిగిలింది బ్యాంకులో బిగించేస్తే, జేబులో 10 మార్కులతో వెళ్లాలి. అలా చేతులూపుకుంటూ వచ్చేవాడిని ఏ దేశం రానిస్తుంది? 1938 జులైలో ఫ్రాన్సులోని ఎవియాన్‌లో 32 దేశాలు ఇదే విషయం మీద కూర్చున్నాయి. తొమ్మిది రోజులు చర్చించి, అందరూ సానుభూతి తెలిపి, దాదాపు అందరూ తలుపులు వేసుకున్నారు. మా దేశంలో జాతి సమస్య లేదు, దాన్ని దిగుమతి చేసుకోవాలని లేదు అని ఆస్ట్రేలియా ప్రతినిధి మొహమాటం లేకుండా చెప్పాడు. మరుసటేడు సెయింట్ లూయిస్ అనే ఓడ 937 మందితో క్యూబా దాకా వెళ్లింది, క్యూబా దాదాపు ఎవరినీ దింపుకోలేదు, అమెరికా దింపుకోలేదు, ఓడ మళ్లీ యూరప్ వచ్చింది. అందులో 254 మంది తర్వాత మారణహోమంలో పోయారు. ఇవన్నీ బెర్లిన్‌లో పేపర్లు చదివేవాళ్లు గమనించలేదనుకుంటున్నారా?

1938 అక్టోబరు చివర్లో జర్మనీలో ఉన్న పోలండ్ యూదులు సుమారు 17 వేల మందిని రాత్రికి రాత్రి సరిహద్దు దాటించి వదిలేశారు. పోలండ్ తీసుకోనంది. వానలో, చలిలో, రెండు దేశాల మధ్య. అలా పడి ఉన్న ఒక కుటుంబానికి పారిస్‌లో కొడుకున్నాడు, హెర్షెల్ గ్రిన్‌స్పాన్, 17 ఏళ్లవాడు. వాడు నవంబరు 7న జర్మన్ ఎంబసీలోకి వెళ్లి ఒక ఉద్యోగిని కాల్చాడు. రెండు రోజులకి ఆ ఉద్యోగి చనిపోయాడు. నాజీలకి కావలసిన సాకు దొరికింది.

నవంబరు 9 రాత్రి జరిగింది మీకు తెలిసే ఉంటుంది. వెయ్యికి పైగా సినగాగులు, అంటే యూదుల ప్రార్థనా మందిరాలు, తగలబడ్డాయి, 7 వేలకి పైగా కొట్లు పగలగొట్టారు, వందమందికి దగ్గరగా చనిపోయారని వాళ్ల లెక్కే చెప్పింది, అసలు సంఖ్య ఇంకా చాలా ఎక్కువ. ప్రజాగ్రహం కట్టలు తెంచుకుందని పేపర్లు రాశాయి. ఆ ఆగ్రహానికి రాత్రి 1 గంటా 20 నిమిషాలకి, ఎస్‌ఎస్ అనే నాజీ దళంలో పోలీసు విభాగం చూసే హైడ్రిక్ టెలిగ్రామ్ పంపాడు. పక్క ఇళ్లకి ప్రమాదం లేనిచోటే సినగాగులు తగలబెట్టాలి. కొట్లు ధ్వంసం చెయ్యొచ్చు, లూటీ చెయ్యకూడదు. జైళ్లలో ఎంతమంది పడతారో అంతమంది యూదులని, ముఖ్యంగా డబ్బున్నవాళ్లని, ఆరోగ్యంగా ఉండి మరీ ముసలివాళ్లు కానివాళ్లని పట్టుకోవాలి. సుమారు 30 వేల మంది మగవాళ్లని డాకావ్, బూకెన్‌వాల్డ్, జాక్సెన్‌హౌజెన్ క్యాంపులకి తోలారు. ఫైరింజన్లు వచ్చి నిలబడ్డాయి, పక్క ఇళ్ల గోడల మీద నీళ్లు కొట్టాయి.

నేను ఎక్కువసార్లు చదివింది ఆ రాత్రి గురించి కాదు, మూడు రోజుల తర్వాత, నవంబరు 12న హిట్లర్ తర్వాతి స్థానంలో ఉన్న గోరింగ్ పెట్టిన మీటింగు గురించి. ఎవరేం మాట్లాడారో స్టెనోగ్రాఫర్లు రాసుకున్నారు, చాలా భాగం దొరికింది. గోరింగ్ కోపంగా ఉన్నాడు. ఎందుకు? చంపినందుకు కాదు, సరుకు పాడుచేసినందుకు. ఇంత విలువైన వస్తువులు పగలగొట్టే బదులు ఓ 200 మంది యూదులని చంపి ఉంటే బాగుండేది అన్నాడు, ఆ మాటే అన్నాడు. ఇన్సూరెన్సు కంపెనీల ప్రతినిధిని పిలిపించారు. ఆయన బాధ ఆయనది, పాలసీ ప్రకారం డబ్బు కట్టకపోతే విదేశాల్లో జర్మన్ ఇన్సూరెన్సుని ఎవరు నమ్ముతారు? షాపుల అద్దాలు బెల్జియంలో తయారవుతాయి, దానికి విదేశీ మారకం కావాలి. చివరికి దారి దొరికింది. కంపెనీలు డబ్బు కడతాయి, ఆ డబ్బు ప్రభుత్వం జప్తు చేసుకుంటుంది. పగిలిన అద్దాలు యూదులే ఊడ్చి సొంత ఖర్చుతో బాగుచేయించుకోవాలి. గోరుచుట్టు మీద రోకలి పోటు అన్నట్టు, వాళ్ల మీద వంద కోట్ల మార్కుల జరిమానా. మధ్యలో ప్రచార మంత్రి గోబెల్స్ అందుకుని, రైళ్లలో యూదులకి వేరే పెట్టె ఉండాలంటాడు, అడవుల్లోకి షికారుకి రాకూడదంటాడు. రైలు కిక్కిరిసి ఉంటే యూదుడిని తన్ని బయటికి తోస్తాం, దారి పొడుగునా మరుగుదొడ్డిలో కూర్చుంటాడు, దానికి చట్టం ఎందుకు అని గోరింగ్. చదువుకున్నవాళ్లు, మంత్రులు, సెక్రెటరీలు, గంటల తరబడి ఇదీ చర్చ. ఆ గదిలో ఒక్కరు కూడా ఇదేం పని అని అనలేదు. 1939 జనవరి 1 నుంచి యూదులకి వ్యాపారం బంద్.

ఇక యుద్ధం. 1939 సెప్టెంబరు 1న పోలండ్ మీద పడ్డారు. పోలండ్‌లో యూదులు 33 లక్షలు, అందులో పెద్ద భాగం జర్మనీ చేతికొచ్చింది. అప్పటిదాకా "వెళ్లగొట్టడం" అన్నది విధానం, ఇప్పుడు వెళ్లగొట్టడానికి చోటు లేదు. పోలండ్‌లో ఒక కొస యూదులకి వేరే ప్రాంతం అన్నారు, ఫ్రాన్సు ఓడిపోయాక మడగాస్కర్ దీవికి తోలేద్దామన్నారు. ఏదీ కుదరలేదు. ఈలోపు గెటోల్లో, అంటే ఊళ్లో యూదుల కోసం వేరు చేసిన పేటల్లో, కుక్కారు. వార్సా గెటో 1940 నవంబరులో మూసేశారు. నగరం జనాభాలో నూటికి 30 మంది, నగరం స్థలంలో నూటికి రెండున్నర వంతు కూడా లేని చోట. నాలుగు లక్షల మంది పైచిలుకు, గదికి ఏడెనిమిది మంది. తిండి కార్డు మీద ఇచ్చేది మనిషిని బతికించడానికి సరిపోయేది కాదు. 1942 మధ్యకొచ్చేసరికి ఆకలితో, టైఫస్‌తో 80 వేల మందికి పైగా చనిపోయారు. ఇమాన్యుయెల్ రింగెల్‌బ్లూమ్ అనే చరిత్రకారుడు స్నేహితులని కూడగట్టి అదంతా రహస్యంగా రాయించి, కాగితాలని రేకు పెట్టెల్లో, పాల క్యాన్లలో పెట్టి భూమిలో పాతించాడు. యుద్ధం తర్వాత చాలావరకు బయటికి తీశారు. మనకి లోపలి సంగతులు తెలిసింది వాటి వల్లే.

ఇక్కడ ఒక ఉత్తరం గురించి చెప్పాలి. 1941 జులైలో పోజ్నాన్‌లో హోప్నర్ అనే ఎస్‌ఎస్ అధికారి ఐక్‌మన్‌కి రాశాడు. ఈ చలికాలం యూదులందరికీ తిండి పెట్టలేకపోయే ప్రమాదముంది, కాబట్టి పని చెయ్యలేనివాళ్లని త్వరగా పనిచేసే ఏదైనా సాధనంతో ముగించడమే అన్నిటికంటే మానవీయమైన పరిష్కారమేమో ఆలోచించాలి, ఆకలితో చావనివ్వడం కంటే అది నయం కదా, అని. తిండి ఆపింది వాళ్లు. ఆపి, ఆకలితో చస్తున్నారు పాపం, అందుకని చంపేద్దాం అంటున్నారు. సమస్యని తయారుచేసిందీ ఆఫీసే, దానికి పరిష్కారం సూచిస్తూ నోటు పెట్టిందీ ఆఫీసే. అన్నిటికంటే మానవీయం అన్న ఆ మాట దగ్గర ఇప్పటికీ ఆగిపోతాను.

చంపే పద్ధతి ఎక్కడ నేర్చుకున్నారంటే, సొంత జర్మన్ల మీద. చాలామందికి ఇది తెలియదు. మానసిక రోగులు, వికలాంగులు, ముందు పసిపిల్లలు. 1939 అక్టోబరులో హిట్లర్ ఒక కాగితం మీద సంతకం చేసి, యుద్ధం మొదలైన సెప్టెంబరు 1 తేదీ వేశాడు. బెర్లిన్‌లో టీర్‌గార్టెన్ వీధి 4వ నంబరు ఇల్లు ఆఫీసు, అందుకే టి4 అన్నారు. ఆసుపత్రులు రోగికి ఒక ఫారం నింపి పంపుతాయి, నిపుణులైన డాక్టర్లు రోగిని చూడకుండానే ఆ ఫారం మీద ఎర్ర పెన్సిల్‌తో ప్లస్ గుర్తు పెడితే చావు, నీలం పెన్సిల్‌తో మైనస్ పెడితే బతుకు. ఆరు చోట్ల గ్యాస్ గదులు కట్టారు, షవర్ గదుల్లా కనబడేటట్టు. ఇంటికి సంతాపం ఉత్తరం, ఒక బూడిద కలశం. కొన్ని ఇళ్లకి పొరపాటున రెండు కలశాలు వెళ్లాయి. ఏళ్ల కిందటే అపెండిక్స్ తీయించుకున్న మనిషి అపెండిసైటిస్‌తో పోయాడని రాశారు. అలా బయటపడింది. 1941 ఆగస్టు 3న మ్యూన్‌స్టర్ బిషప్ ఫాన్ గాలెన్ చర్చిలో నిలబడి ఇది హత్య అన్నాడు. ఆ నెలలోనే హిట్లర్ ఆ గ్యాస్ గదులు ఆపించాడు. అప్పటికి వాళ్ల సొంత లెక్క ప్రకారమే 70,273 మంది. తర్వాత కూడా మందులతో, ఆకలితో గుట్టుగా చంపుతూనే ఉన్నారనుకోండి. కానీ జనం గట్టిగా అంటే ప్రభుత్వం జంకిందన్నది నిజం. యూదుల విషయంలో జర్మనీలో అలా ఏ బిషప్పూ చర్చిలో నిలబడలేదు. ఖాళీ అయిన టి4 సిబ్బందిలో చాలామందికి పోలండ్‌కి బదిలీ అయింది.

1941 జూన్ 22న సోవియట్ మీద దాడి. సైన్యం వెనక ఐన్‌జాట్స్‌గ్రుప్పెన్ అనే దళాలు, నాలుగు, మొత్తం 3 వేల మంది. వాటికి తోడు పోలీసు బెటాలియన్లు. మొదట్లో ఎక్కువగా మగవాళ్లని కాల్చారు, ఆగస్టుకల్లా ఆడవాళ్లు, పిల్లలు, అందరూ. కీవ్‌లో గోడల మీద నోటీసు అంటించారు. సోమవారం సెప్టెంబరు 29 ఉదయం 8 గంటలకి ఫలానా వీధి మూలకి యూదులంతా రావాలి, కాగితాలు, డబ్బు, విలువైనవి, వెచ్చటి బట్టలు తెచ్చుకోవాలి. వెచ్చటి బట్టలు అంటే ఏమనుకుంటారు, ఎక్కడికో తీసుకెళ్తారనే కదా? ఊరి చివర బాబి యార్ లోయ దగ్గర రెండు రోజుల్లో 33,771 మందిని కాల్చారు. ఈ సంఖ్య వాళ్లు బెర్లిన్‌కి పంపిన రిపోర్టులోది. లిథువేనియాలో యేగర్ అనే అధికారి పద్దు పుస్తకం లాగా తేదీ, ఊరు, మగవాళ్లు ఇందరు, ఆడవాళ్లు ఇందరు, పిల్లలు ఇందరు అని రాసి చివర కూడిక వేశాడు, 1,37,346.

కాల్చేవాళ్లు ఎవరు? 101వ రిజర్వు పోలీసు బెటాలియన్ సంగతి చెబుతాను. హాంబర్గ్ వాళ్లు, నడివయసు మనుషులు, ఓడరేవు కూలీలు, డ్రైవర్లు, గుమాస్తాలు. 1942 జులై 13న పోలండ్‌లో జోజెఫూఫ్ అనే ఊరికి తీసుకెళ్లారు. మేజర్ ట్రాప్ కళ్లనీళ్లు పెట్టుకుంటూ పని ఏమిటో చెప్పి, చెయ్యలేనన్న పెద్దవాళ్లు పక్కకి రావచ్చు, ఏమీ అనను అన్నాడు. 500 మందికి దగ్గరగా ఉన్నారు. అప్పటికప్పుడు పక్కకి వచ్చింది ఓ పన్నెండు మంది. వాళ్లని నిజంగానే ఎవరూ ఏమీ అనలేదు. సాయంత్రానికి 1,500 మంది యూదులు చచ్చారు. కాల్చనంటే తలకాయ పోతుంది కాబట్టి కాల్చాం అని యుద్ధం తర్వాత అందరూ చెప్పిన మాట ఇక్కడ నిలబడదు.

తుపాకీతో ఇబ్బంది ఏమిటంటే, చంపేవాళ్ల మీద ప్రభావం పడుతోందని ఎస్‌ఎస్ అధిపతి హిమ్లర్ బెంగ. చచ్చేవాళ్ల గురించి కాదు. గ్యాస్ వైపు మళ్లడానికి అదొక కారణం. 1941 డిసెంబరు 8న చెల్మ్నోలో గ్యాస్ వ్యాన్లు మొదలయ్యాయి. అందుకే 1942 జనవరి 20న వాన్సీ సరస్సు ఒడ్డున బంగళాలో జరిగిన మీటింగులో హత్యాకాండ "నిర్ణయించారు" అంటే నాకు కొంచెం చిరాకు. అప్పటికే లక్షల మందిని చంపేశారు. వాన్సీలో జరిగింది శాఖల మధ్య సమన్వయం. 15 మంది, సగానికి పైగా డాక్టరేట్లు ఉన్నవాళ్లు, గంటన్నర. దేశాలవారీగా పట్టిక, మొత్తం 1 కోటీ 10 లక్షలు. ఇంకా గెలవని ఇంగ్లండ్ 3,30,000, ఐర్లండ్ 4,000, అల్బేనియా 200 అని. ఎక్కువ సేపు చర్చ జరిగింది సగం యూదులని ఏం చెయ్యాలన్న దాని మీద, అంటే అవ్వాతాతల్లో ఇద్దరు మాత్రమే యూదులైనవాళ్లు. అందరికీ బలవంతంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయిస్తే సరి అని హోంశాఖ తరఫున వచ్చిన స్టుకార్ట్ సలహా ఇచ్చాడు. గుర్తుందా ఆ పేరు?

ఆ తర్వాత బెల్జెక్, సోబిబోర్, ట్రెబ్లింకా, చంపడానికే పోలండ్‌లో కట్టిన క్యాంపులు. ఆష్విట్జ్‌లో 11 లక్షల మంది, అందులో 10 లక్షలు యూదులు. 1944లో హంగరీ నుంచి ఎనిమిది వారాల్లో 4 లక్షల 30 వేలకి పైగా, దాదాపు అందరూ ఆష్విట్జ్‌కే. మొత్తం సుమారు 60 లక్షలు. రోమా జాతివాళ్లు, 30 లక్షల దాకా సోవియట్ యుద్ధ ఖైదీలు ఈ లెక్కలో లేరు.

ఇంతమందిని తీసుకెళ్లింది రైళ్లు. జర్మన్ రైల్వే ఊరికే తీసుకెళ్లలేదు, టికెట్టు వసూలు చేసింది. మూడో తరగతి ఛార్జీ, కిలోమీటరుకి 4 ఫెన్నిగ్‌లు. పదేళ్లలోపు పిల్లలకి సగం, నాలుగేళ్లలోపు ఉచితం. 400 మందికి మించితే గ్రూపు రాయితీ, సగం ధర. వెళ్లేవాళ్లకి వన్ వే, కాపలా పోలీసులకి రానూపోనూ. ఎక్కించింది గూడ్సు పెట్టెల్లో అయినా సరే. ఆ డబ్బు చాలాసార్లు యూదుల దగ్గర జప్తు చేసిన దాంట్లోంచే కట్టారు. ముసలివాళ్లకి ఇంకో ఏర్పాటు, టెరెజియన్‌స్టాట్ అనే గెటోలో మీకు జీవితాంతం గది, భోజనం, వైద్యం అని ఒప్పందం రాయించుకుని ఉన్న డబ్బంతా కట్టించుకున్నారు. బండి ఎక్కేముందు ప్రతివాళ్లూ 16 పేజీల ఫారం నింపాలి, ఇంట్లో కుర్చీలెన్ని, దుప్పట్లెన్ని, చెంచాలెన్ని. ఆ ఫారం పట్టుకుని ఆదాయశాఖ వాళ్లొచ్చి సామాను వేలం వేసేవాళ్లు. ఇరుగుపొరుగు వాళ్లు వచ్చి కొనుక్కునేవాళ్లు. వాళ్లకేం తెలియదండీ అని మాత్రం నాకు చెప్పకండి.

ఆపగలిగారా అంటే, కొన్నిచోట్ల ఆపారు. 1943 అక్టోబరులో డెన్మార్క్ వాళ్లు 7 వేల మందికి పైగా యూదులని చేపల పడవల్లో స్వీడన్‌కి దాటించారు. బల్గేరియాలో పార్లమెంటు ఉపసభాపతి దిమిత్ర్ పెషెవ్ 42 మంది ఎంపీల సంతకాలు కూడగట్టి ప్రధానికి ఉత్తరం రాస్తే, సొంత పౌరులైన 48 వేల మందిని పంపడం ఆగింది. తాము ఆక్రమించుకున్న థ్రేస్, మాసిడోనియాల నుంచి 11 వేల మందిని మాత్రం అదే బల్గేరియా పంపేసింది. పౌరసత్వం ఉన్నవాడికీ లేనివాడికీ తేడా అంత.

చివరి ప్రశ్న. "మరి ఈ ఆఫీసుల వాళ్లందరికీ శిక్ష పడిందా సార్?" ఐక్‌మన్‌ని అర్జెంటీనాలో పట్టుకుని జెరూసలేంలో విచారించి 1962లో ఉరి తీశారు, అది అందరికీ తెలుసు. స్టుకార్ట్‌కి నాలుగేళ్లు కూడా నిండని జైలు, 1949లో వదిలేశారు. న్యూరెంబర్గ్ చట్టాలకి ఆయనతో కలిసి వివరణ రాసిన గ్లోబ్కే 1953 నుంచి పదేళ్లు పశ్చిమ జర్మనీ ఛాన్సలర్ అడెనావర్ దగ్గర ఆఫీసుకి అధిపతి, పెద్ద పతకం కూడా ఇచ్చారు. రైల్వే సంగతి చెబుతాను. 1942 జులై 28న రవాణా శాఖ కార్యదర్శి ఆల్బర్ట్ గాంజెన్‌ముల్లర్, హిమ్లర్ ఆఫీసుకి ఉత్తరం రాశాడు. 22వ తేదీ నుంచి వార్సా నుంచి ట్రెబ్లింకాకి రోజూ 5 వేల మంది యూదులతో ఒక రైలు నడుస్తోంది, అని. చాలా సంతోషం అని అక్కణ్ణుంచి జవాబొచ్చింది. యుద్ధం తర్వాత ఈయన అర్జెంటీనా వెళ్లి, 1955లో తిరిగొచ్చి, ఒక ఉక్కు కంపెనీలో రవాణా ప్లానింగు చూసుకుంటూ రిటైరయ్యాడు. 1973లో కేసు విచారణకి వచ్చింది. రైళ్లు ఎక్కడికెళ్తున్నాయో తనకి తెలియదన్నాడు. విచారణ మధ్యలో గుండెపోటు వచ్చింది, ఆరోగ్యం బాగోలేదని కేసు ఆపేశారు. ఆ తర్వాత ఇంకో 23 ఏళ్లు బతికి 1996లో పోయాడు, 91 ఏళ్లకి.